లీ స్ట్రీట్ నుంచి పారిష్ స్ట్రీట్ దాకా

వైట్‌హౌస్ ముందు ఎప్పుడు చూసినా ఫొటోలు దిగేవాళ్ళ సందడే. అక్కడి నుంచి లాఫాయెట్ స్క్వేర్ వైపు తిరిగితే మూల మీద ట్రెజరీ శాఖ వారి రాతి భవనం కనిపిస్తుంది. దాని ముందు ఆగేవాళ్ళు తక్కువ. 2016 జనవరిలో దానికి ఫ్రీడ్‌మన్స్ బ్యాంక్ బిల్డింగ్ అని పేరు పెట్టారు. బానిసత్వం నుంచి బయటపడ్డ మనుషులు తమ తొలి సంపాదన దాచుకున్న బ్యాంకు ప్రధాన కార్యాలయం ఆ చోటే ఉండేది. ఆఫ్రికన్ అమెరికన్ల డబ్బు కథ తెలుసుకోవాలంటే ప్రయాణం ఇక్కడే మొదలుపెట్టాలని నాకు ఎప్పటినుంచో కోరిక. ఇక్కడి నుంచి వర్జీనియాలోని రిచ్‌మండ్, అక్కడి నుంచి ఉత్తర కరోలినాలోని డర్హమ్. కారు నడపడానికి మా మేనల్లుడు సెలవు పెట్టి వచ్చాడు.

1865 మార్చి 3న లింకన్ సంతకంతో ఆ బ్యాంకు పుట్టింది. అంతర్యుద్ధంలో పోరాడిన నల్లజాతి సైనికుల జీతాలు, ఇళ్ళల్లో బట్టలుతికే ఆడవాళ్ళ కూలి డబ్బులు, చర్చి సంఘాల చందాలు అందులో చేరాయి. పాస్‌బుక్కు మీద లింకన్ బొమ్మ ఉండేసరికి అది సర్కారు బ్యాంకే అనుకున్నారు జనం. సర్కారు పూచీ మాత్రం లేదు. 1870లో చట్టం సవరించి స్థిరాస్తి మీద అప్పులివ్వడానికి దారి తెరిచారు. బ్యాంకు పెట్టుబడుల వ్యవహారం హెన్రీ కుక్ చేతిలో ఉండేది. ఆయన అన్న జే కుక్ ఆనాటి పెద్ద రైల్వే ఫైనాన్షియర్. 1873లో జే కుక్ సంస్థ కుప్పకూలి దేశాన్ని మాంద్యంలోకి తోసింది. అప్పటికే లోపల గుల్లైపోయిన బ్యాంకుకు 1874 మార్చిలో బానిసత్వ వ్యతిరేక పోరాట నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్‌ను అధ్యక్షుణ్ణి చేశారు. ఆ మహానుభావుడు తన సొంత డబ్బు 10,000 డాలర్లు అందులో వేశాడు. అయినా జూన్ నెలాఖరుకు తలుపులు మూసేశారు. అరవై వేల మందికి పైగా ఖాతాదారులకు దాదాపు 30 లక్షల డాలర్లు రావలసి ఉంది. ఏళ్ళ తరబడి తిరిగిన వాళ్ళలో కొందరికి కొంత దక్కింది. చాలామందికి ఏమీ దక్కలేదు.

ఊరు దాటి ఐ-95 ఎక్కాక మావాడు గొంతు సవరించుకున్నాడు. "మావయ్యా, ఒక మాట చెబుతాను, ఏమీ అనుకోకండి. పాత కథలు సరే. ఇప్పుడు మాత్రం వీళ్ళ దగ్గర డబ్బు నిలవదు. జీతం పడిన రోజే బూట్లు, ఫోను, కారు. మన పార్టీల్లో అందరూ అనేదే ఇది."

నిజమే, అందరూ అంటారు. వాడి ఇంట్లో డిన్నర్‌లో నేను కూడా విన్నాను. ప్లేట్లు పట్టుకుని నిలబడ్డ పెద్దమనుషులు, పక్కన పిల్లలు వింటూండగా ఎంతో ధీమాగా అనే మాట అది. "రిచ్‌మండ్‌లో ఒకావిడ ఇంటికి తీసుకెళ్ళు, తర్వాత మాట్లాడుకుందాం" అన్నాను.

ఆవిడ పేరు మేగీ లీనా వాకర్. 1864లో రిచ్‌మండ్‌లో పుట్టింది. మారుతండ్రి పోయాక తల్లి ఊళ్ళోవాళ్ళ బట్టలుతికి ఇల్లు గడిపితే, ఉతికిన మూటలు తెల్లవాళ్ళ ఇళ్ళకు చేరవేయడం ఈ పిల్ల పని. పద్నాలుగో ఏట ఇండిపెండెంట్ ఆర్డర్ ఆఫ్ సెయింట్ లూక్ అనే సంఘంలో చేరింది. జబ్బు చేస్తే ఆదుకోవడం, చనిపోతే గౌరవంగా మట్టి చేయడం, అందుకోసం నెలనెలా చందా వసూలు చేయడం ఆ సంఘం పని. 1899లో అది అప్పుల్లో కూరుకుపోయి ఉండగా పగ్గాలు ఈవిడ చేతికొచ్చాయి. రెండేళ్ళకే సభలో నిలబడి మనకో పత్రిక కావాలి, మనకో బ్యాంకు కావాలి, మన ఆడవాళ్ళకు పని దొరికే దుకాణం కావాలి అంది. 1902లో పత్రిక వచ్చింది. 1903 నవంబరులో సెయింట్ లూక్ పెన్నీ సేవింగ్స్ బ్యాంక్ తెరిచారు. అమెరికాలో బ్యాంకుకు చార్టర్ తెచ్చుకున్న మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. తొలిరోజు వరసలో నిలబడ్డవాళ్ళలో ఒకరు 31 సెంట్లతో ఖాతా తెరిచారట. పేరులో పెన్నీ అని ఊరికే పెట్టలేదు. పిల్లలకు చిన్న చిన్న డబ్బీలిచ్చి, పెన్నీలు పోగుచేసుకుని వచ్చి ఖాతా తెరవమనేవారు.

బ్రాడ్ స్ట్రీట్ మీద 2017లో నిలబెట్టిన ఆవిడ కంచు విగ్రహం దగ్గర కారు ఆపుకుని, అక్కడి నుంచి జాక్సన్ వార్డులోకి నడిచాం. విగ్రహం కోటుకు కళ్ళజోడు తగిలించి ఉంటుంది. చేతిలో చెక్కుబుక్కు. కత్తులు, గుర్రాలు, జెండాలతో ఎన్నో విగ్రహాలు చూశాం గాని చెక్కుబుక్కు పట్టుకున్న విగ్రహాన్ని నేను మరెక్కడా చూడలేదు. మావాడు దాని చుట్టూ తిరిగి ఆ చేతి దగ్గరే చాలాసేపు ఆగిపోయాడు.

ఆవిడ ఇల్లు ఈస్ట్ లీ స్ట్రీట్‌లో 110½ నంబరు. ఎర్ర ఇటుకల ఇల్లు, ముందు వరండా. 1904లో కొని, కుటుంబం పెరిగినకొద్దీ గదులు కలుపుకుంటూ పోతే ఇరవై ఎనిమిది గదులయ్యాయి. కుటుంబం చేతుల్లోంచి నేరుగా నేషనల్ పార్క్ సర్వీసుకు వచ్చింది కాబట్టి సామాను చాలావరకు ఆవిడ వాడినదే. చివరి ఏళ్ళలో కాళ్ళు పనిచేయక చక్రాల కుర్చీలో ఉంటూనే పని మానలేదు. పై అంతస్తుకు వెళ్ళడానికి ఇంటి వెనక లిఫ్టు పెట్టించుకుంది. లైబ్రరీ గోడల నిండా నల్లజాతి నాయకుల పటాలు. ఈ ఇంట్లో నన్ను కట్టిపడేసింది దర్జా. మూటలు మోసిన పిల్ల పెద్దయ్యాక మంచి బల్లలు, మంచి కర్టెన్లు, మంచి కారు కొనుక్కుంది. అందులో తప్పేముంది? 1920 నాటికి ఆవిడ బ్యాంకు సాయంతో ఆరు వందలకు పైగా నల్లజాతి కుటుంబాలు ఇళ్ళు సొంతం చేసుకున్నాయి. అంత చేసిన మనిషి తన గదిలో మంచి కుర్చీ వేసుకుంటే దాన్ని దుబారా అనేవాడి కళ్ళే సరిగా లేవు.

ఇక దుకాణం సంగతి. 1905లో సెయింట్ లూక్ ఎంపోరియం అని మూడంతస్తుల బట్టల దుకాణం బ్రాడ్ స్ట్రీట్‌లోనే తెరిచారు. కౌంటర్లలో నల్లజాతి అమ్మాయిలు అమ్మకాలు చేసేవాళ్ళు. వంటపని, బట్టలుతికే పని తప్ప మరో కొలువు దొరకని రోజుల్లో అది చిన్న సంగతి కాదు. ఊళ్ళో తెల్ల వ్యాపారులు ఒక్కటయ్యారు. వీళ్ళకు సరుకు ఇవ్వొద్దని హోల్‌సేల్ వాళ్ళ మీద ఒత్తిడి తెచ్చారు. సొంతవాళ్ళు కూడా అలవాటు కొద్దీ పాత దుకాణాలకే వెళ్ళేవారు. 1906లో మగవాళ్ళ సభ పెట్టి, మీ డబ్బుతో మీరే వివక్ష అనే సింహానికి మేత వేస్తున్నారని ఆవిడ నిలదీసింది. అయినా 1911లో ఎంపోరియం మూతపడింది. ఖర్చు గురించి తన జనాన్ని ఆవిడ కంటే ఘాటుగా మందలించినవాళ్ళు లేరు. ఆ మందలింపు వెనక వాళ్ళకోసం కట్టిన బ్యాంకుంది, ఇచ్చిన ఉద్యోగాలున్నాయి. మన డిన్నర్ టేబుళ్ళ దగ్గర వినిపించే మాట వెనక ఏముంది?

డబ్బు బలం ఎంతో, దాని హద్దు ఎక్కడో కూడా ఈ ఊళ్ళోనే తేలింది. 1904లో ట్రామ్ కంపెనీ నల్లవాళ్ళను వేరే సీట్లలో కూర్చోబెడతామంటే మేగీ వాకర్, పత్రికా సంపాదకుడు జాన్ మిచెల్ అందరినీ నడవమన్నారు. జనం మైళ్ళకొద్దీ నడిచారు. ఆ ఏడాదే కంపెనీ దివాలా తీసింది. అంతవరకు గెలుపే. 1906లో వర్జీనియా శాసనసభ ట్రాముల్లో వేరు సీట్లు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. వినియోగదారుడు కంపెనీని ఓడించగలడు. ఓటు హక్కు ఊడబెరికిన మనిషి శాసనసభను ఎలా ఓడిస్తాడు?

లీ స్ట్రీట్ నుంచి ఉత్తరంగా నాలుగడుగులు వేస్తే రోడ్డు ఆగిపోతుంది. కింద కందకంలో ఐ-95 హోరు. 1950లలో టర్న్‌పైక్, అంటే టోల్ రోడ్డు, ప్రతిపాదన వస్తే నగర ఓటర్లు రెండుసార్లు కాదన్నారు. రాష్ట్రం ప్రత్యేక అథారిటీ పెట్టి జాక్సన్ వార్డు నడిబొడ్డు మీదుగా కోసేసి 1958లో రోడ్డు పూర్తి చేసింది. వందల ఇళ్ళు పోయాయి, వేల మంది చెల్లాచెదురయ్యారు. ఆ రోడ్డు దారిలో సిక్స్త్ మౌంట్ జయన్ బాప్టిస్ట్ చర్చి మిగిలింది. దాన్ని కూల్చనివ్వకపోతే హైవే పక్కకు వంగి వెళ్ళింది. ఆ చర్చి గోడ దగ్గర నిలబడితే లారీలు చెవి పక్కనే పోతున్నట్టుంటుంది. అప్పుడు కూల్చిన ఇళ్ళలో పెన్నీలు పోగేసి కట్టుకున్నవి ఎన్నో. ఇల్లే మధ్యతరగతి ఆస్తి. తాత ఇల్లు మనవడికి ఇంజనీరింగ్ ఫీజు అవుతుంది, దుకాణానికి పెట్టుబడి అవుతుంది. ఆ గొలుసును నడిమధ్య తెంపారు. దానికంటే ముందే, 1930లలో ఫెడరల్ సంస్థ ఒకటి నగరాల మ్యాపులు గీసి నల్లవాళ్ళుండే పేటలకు ఎర్ర రంగు వేసింది. అక్కడ అప్పివ్వడం ప్రమాదమని దాని అర్థం. ఆ మ్యాపులన్నిటినీ సేకరించి అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టింది ఇదే ఊళ్ళోని రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం. మావాడు ఫోన్లో తెరిచి చూశాడు. మేం నిలబడ్డ చోటు ఎర్రగా ఉంది.

రిచ్‌మండ్ నుంచి డర్హమ్ సుమారు 150 మైళ్ళు. పీటర్స్‌బర్గ్ దగ్గర ఐ-85 అందుకుంటే ఇక పైన్ అడవులే. దారిలో, వాడు మొదలుపెట్టిన మాటకు వచ్చాం. 2009లో కెర్విన్ చార్ల్స్, ఎరిక్ హర్స్ట్, నికొలాయ్ రుసానొవ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఒక పరిశోధన వెలువరించారు. పదిమందికీ కనబడే వస్తువుల మీద, అంటే బట్టలు, నగలు, కార్ల మీద, అదే స్థాయి ఆదాయం ఉన్న తెల్లవాళ్ళ కంటే నల్లవాళ్ళు సుమారు 30 శాతం ఎక్కువ ఖర్చు పెడుతున్నారని తేల్చారు. "నేను చెప్పింది అదే కదా మావయ్యా" అన్నాడు వాడు. "పూర్తిగా విను" అన్నాను. అదే పరిశోధన ఇంకో మాట కూడా చెప్పింది. పేద రాష్ట్రాల్లో ఉండే తెల్లవాళ్ళు, సంపన్న రాష్ట్రాల్లోని అదే ఆదాయపు తెల్లవాళ్ళ కంటే ఇలాంటి ఖర్చు ఎక్కువ పెడతారు. చుట్టూ ఉన్న తనవాళ్ళు పేదవాళ్ళయినప్పుడు, తాను పేదవాణ్ణి కానని చూపించుకోవలసిన అవసరం మనిషికి ఎక్కువవుతుంది. ఆ లెక్క కలిపి చూస్తే జాతుల మధ్య తేడా చాలావరకు మాయమవుతుంది. ఒంటి రంగు చూసి దొంగేమో అని దుకాణంలో వెంటపడే దేశంలో మంచి కోటు రక్షణ కూడా. పొలం తాకట్టు పెట్టి పిల్ల పెళ్ళికి పాతిక తులాలు పెట్టే మనకు ఈ సంగతి ఒకరు విడమరచి చెప్పాలా?

వాడు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత "మా నాన్న అప్పు తీరింది మొన్ననే కదా" అన్నాడు. వాళ్ళ అక్క పెళ్ళి అప్పు.

ఉత్తర కరోలినాలోకి వచ్చాక హెండర్సన్ ఊరికి ముందు హైవే దిగి సోల్ సిటీకి వెళ్ళాం. పౌరహక్కుల నాయకుడు, డర్హమ్ లాయరు ఫ్లాయిడ్ మెకిసిక్ 1969లో ప్రకటించిన కొత్త నగరం అది. నల్లవాళ్ళ నాయకత్వంలో, ఎవరైనా వచ్చి ఉండేలా, పరిశ్రమలతో సహా కట్టాలనుకున్నాడు. 1972లో ఫెడరల్ గృహనిర్మాణ శాఖ 1.4 కోట్ల డాలర్ల అప్పుకు పూచీ ఇచ్చింది. పత్రికల్లో అవినీతి ఆరోపణలు, సెనేటర్ జెస్సీ హెల్మ్స్ పగ, సంవత్సరం పాటు ఆడిట్లు, ఆ సందడికి ముందుకు రాని కంపెనీలు. 1979లో సర్కారు మద్దతు వెనక్కి తీసుకుని జప్తుకు దిగింది. ఇప్పుడు లిబరేషన్ రోడ్ అన్న బోర్డు ఉంది, కొన్ని ఇళ్ళున్నాయి. ఉద్యోగాల కోసం కట్టిన సోల్ టెక్ అనే ఫ్యాక్టరీ భవనం జైలు శాఖ చేతికి పోయింది. ముళ్ళకంచె చూసి మావాడు కారు ఆపకుండా తిప్పేశాడు. నేనూ ఆపమనలేదు.

డర్హమ్‌లో పారిష్ స్ట్రీట్ చిన్న వీధి. కాలిబాట మీద స్మారకాలు లేకపోతే ఎంత పెద్ద చరిత్ర నడిచిందో తెలియదు. జాన్ మెరిక్ బానిసగా పుట్టిన మనిషి. క్షౌరం పని నేర్చుకుని, పొగాకు కుబేరులైన డ్యూక్ కుటుంబానికి గడ్డం గీస్తూ, షాపు మీద షాపు పెట్టాడు. డాక్టర్ ఆరన్ మూర్ ఊళ్ళో మొదటి నల్లజాతి వైద్యుడు. 1898లో వీళ్ళు మరికొందరితో కలిసి నార్త్ కరోలినా మ్యూచువల్ అనే బీమా సంస్థ పెట్టారు. అంతకు రెండేళ్ళ ముందే ప్రుడెన్షియల్ కంపెనీ గణాంకవేత్త ఫ్రెడరిక్ హాఫ్‌మన్ నల్లజాతి అంతరించిపోయేదని, బీమాకు పనికిరాదని పుస్తకమే రాశాడు. వీళ్ళు సంస్థ పెట్టిన ఏడాదే అదే రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో సాయుధ తెల్లమూకలు ఎన్నికైన నగర పాలకుల్ని తరిమేసి నల్లవాళ్ళను చంపాయి. అలాంటి గాలిలో ఆఫీసు తెరిచారు. తొలి క్లెయిము 40 డాలర్లు. పెట్టెలో అంత డబ్బు లేదు. మెరిక్, మూర్ జేబుల్లోంచి తీసి చెల్లించారు. డాక్టరు గారి మేనల్లుడు సి.సి. స్పాల్డింగ్ ఊడ్చేవాడూ తనే, ఏజెంటూ తనే, మేనేజరూ తనే అయి సంస్థను నిలబెట్టాడు. ఏజెంట్లు ఇంటింటికీ తిరిగి వారం వారం అయిదు సెంట్లు, పది సెంట్లు వసూలు చేసి రసీదు చేతిలో పెట్టేవారు. ఆ చిల్లరతో 1921లో ఇదే వీధిలో ఆరంతస్తుల భవనం లేచింది. పక్కనే మెకానిక్స్ అండ్ ఫార్మర్స్ బ్యాంకు 1908లో మొదలైంది. మహామాంద్యంలో పెద్ద పెద్ద బ్యాంకులు మునిగినా ఇది మునగలేదు. నేటికీ డర్హమ్ కేంద్రంగానే నడుస్తోంది.

బీమా సంస్థ మాత్రం లేదు. వర్ణ విభజన పోయాక పెద్ద కంపెనీలు నల్లజాతి ఖాతాదారుల కోసం పోటీకి దిగాయి. వ్యాపారం తరిగింది. 2018 చివర్లో అది ప్రభుత్వ బీమా శాఖ అధీనంలోకి వెళ్ళి, ఆ తర్వాత లిక్విడేషన్‌లో ముగిసింది. రిచ్‌మండ్‌లో మేగీ వాకర్ బ్యాంకు కూడా ఇతర బ్యాంకుల్లో కలిసిపోయి 21వ శతాబ్దంలో బయటివాళ్ళ చేతికి పోయింది. ఇవి చెప్పకుండా పొగుడుకుంటూ పోతే అది అర్ధసత్యం అవుతుంది.

రైలు పట్టాలు దాటితే హేటై. ఈ సంస్థల ఉద్యోగులు, పొగాకు ఫ్యాక్టరీ కార్మికులు ఉన్న పేట. సినిమాహాళ్ళు, హోటళ్ళు, కిరాణాలు, శవసంస్కార సంస్థలు అన్నీ సొంతవే. 1960లలో పట్టణ పునర్నిర్మాణం అన్నారు. కొత్త ఇళ్ళు, కొత్త దుకాణాలు కట్టిస్తామన్న మాట నమ్మి నల్లజాతి నాయకులు కూడా బాండ్లకు ఓటెయ్యమన్నారు. నాలుగు వేలకు పైగా కుటుంబాలను, ఐదు వందల వ్యాపారాలను లేపేశారు. మధ్యలోంచి డర్హమ్ ఫ్రీవే వేశారు. దుకాణదారులకు కొందరికి రేకుల షెడ్లు ఇచ్చారు, జనం వాటిని టిన్ సిటీ అన్నారు. 1891 నాటి సెయింట్ జోసెఫ్స్ చర్చి భవనం ఒకటి హేటై హెరిటేజ్ సెంటర్‌గా మిగిలింది. దాని అరుగు మీద కూర్చుంటే ఫ్రీవే మీద కార్లు కనిపిస్తాయి. వాటిలో రోజూ కేరీ, మోరిస్‌విల్ నుంచి ఆఫీసులకు వెళ్ళే మన తెలుగువాళ్ళ కార్లు కూడా ఉంటాయి.

ఈ ఊళ్ళోనే డ్యూక్ విశ్వవిద్యాలయంలో పనిచేసే విలియం డారిటీ, ఆర్థికవేత్త డారిక్ హామిల్టన్, మరికొందరు కలిసి 2018లో ఒక నివేదిక రాశారు. చదువుకుంటే సరిపోతుంది, పొదుపు చేస్తే సరిపోతుంది, సొంతవాళ్ళ దగ్గరే కొంటే సరిపోతుంది అనే నమ్మకాలను ఒక్కొక్కటిగా పరీక్షించారు. ఇంటిపెద్ద కాలేజీ డిగ్రీ చదివిన నల్లజాతి కుటుంబం ఆస్తి, ఇంటిపెద్ద హైస్కూలు కూడా పూర్తిచేయని తెల్ల కుటుంబం ఆస్తి కంటే తక్కువని చూపించారు. ఆదాయం సమానంగా ఉన్నవాళ్ళను పోల్చితే పొదుపులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అన్నిటికంటే పెద్ద తేడా తాతతండ్రులు ఏం వదిలి వెళ్ళారన్న దాంట్లోనే. ఫెడరల్ రిజర్వు 2022 సర్వేలో నడిమి తెల్ల కుటుంబం నికర ఆస్తి 2,85,000 డాలర్లు, నల్లజాతి కుటుంబానిది 44,900. బూట్లు కొనడం మానేస్తే పూడే గొయ్యి కాదు ఇది. పుట్టిన ప్రతి పేదబిడ్డ పేరున ప్రభుత్వమే కొంత మూలధనం వేయాలని డారిటీ, హామిల్టన్ ఎప్పటినుంచో చెబుతున్నారు. కనెటికట్ రాష్ట్రం 2023 జులై నుంచి పుట్టే పేదపిల్లలకు 3,200 డాలర్ల చొప్పున వేయడం మొదలుపెట్టింది. నా మటుకు నాకు అది దానధర్మం కాదు, బాకీలో ఓ చిన్న వాయిదా.

మనం ఈ దేశానికి వచ్చిన దారి కూడా వీళ్ళు వేసిందే. 1964 పౌరహక్కుల చట్టం తెచ్చిన ఊపులోనే 1965 వలస చట్టం వచ్చి ఆసియావాళ్ళకు తలుపులు తీసింది. 1968లో ఇళ్ళ అమ్మకాల్లో వివక్ష కూడదన్న చట్టం వచ్చింది. దెబ్బలు తిన్నది, జైళ్ళకు వెళ్ళింది వాళ్ళు. కేరీలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో నచ్చిన వీధిలో నచ్చిన ఇల్లు కొనుక్కుంటున్నది మనం.

ఆ ఊళ్ళల్లో ఉన్న తెలుగువాళ్ళను ఒకటే కోరుతున్నాను. "వీళ్ళ దగ్గర డబ్బు నిలవదు" అన్న మాటను పిల్లల ముందు అనడం మానండి. వచ్చే సెలవులకు వాళ్ళను లీ స్ట్రీట్‌కు, పారిష్ స్ట్రీట్‌కు తీసుకెళ్ళండి. మేగీ వాకర్ ఇల్లు చూడడానికి టికెట్ లేదు. వేళలు ముందుగా కనుక్కుని బయలుదేరితే చాలు.